రేవు పట్టణాలు మనల్ని అడిగే ప్రశ్న



సెలవులు వచ్చాయంటే మన సంఘాల్లోని యౌవనస్థులు విశాఖ, భీమిలి, బందరు సముద్రతీరాలకు బయలుదేరుతారు. సంతోషమే. సముద్రమును చేసిన దేవుని మహిమ అక్కడ కనబడుతుంది. అయితే అలల్లో ఆడుకొని తిరిగి రాక, ఒడ్డుకు కొంచెం వెనుకనున్న పాత వీధుల్లోకి కూడా నడవమని మేము చెబుతుంటాము. మన తెలుగు సంఘ చరిత్రలో కొంత అక్కడుంది.

విశాఖ నుండి భీమిలి దారి ఎంతో అందమైనది. ఒక ప్రక్క కొండలు, మరొక ప్రక్క సముద్రము. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట భీమునిపట్నం ఉంది. 17వ శతాబ్దంలో హాలెండు దేశపు డచ్చివారు ఇక్కడ వర్తకం పెట్టుకున్నారు. 1825లో ఊరు ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. డచ్చివారి సమాధుల తోట మాత్రం ఇప్పటికీ ఉంది. రాళ్ళ మీద పేర్లు వారి భాషలోనే ఉన్నాయి.

బందరు ఇంకా పాతది. డచ్చివారు అక్కడ 1605లో, ఇంగ్లీషువారు 1611లో దిగారు. తరువాత ఫ్రెంచివారు వచ్చారు. ఈనాటికీ ఆ ఊళ్ళో వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట ఉన్నాయి. వలందులంటే డచ్చివారు, పరాసులంటే ఫ్రెంచివారు. అందరూ వచ్చింది మన నేతగాళ్ళ బట్ట కోసం, కలంకారీ అద్దకం కోసం. కోట కోసం యుద్ధాలు కూడా చేశారు. 1759లో ఇంగ్లీషువారు ఫ్రెంచివారి నుండి దానిని పట్టుకున్నారు.

1864 నవంబరు 1 రాత్రి సముద్రం ఊరి మీదికి వచ్చింది. ఆ ఉప్పెనలో బందరులోను చుట్టుప్రక్కల పల్లెల్లోను సుమారు 30,000 మంది చనిపోయారు. రేవు మళ్ళీ పాత వైభవానికి రాలేదు. మంగినపూడి బీచికి వెళ్ళేవారు బందరుకోటకు కూడా వెళ్ళి చూడండి. శిథిలాలు, సమాధులు మిగిలాయి. యెహెజ్కేలు 27వ అధ్యాయము చదవండి. తూరు రేవుకు ఏ దేశపు సరుకు వచ్చిందో ప్రవక్త వరుసగా చెప్పి, చివరకు దాని కోసం ప్రలాపిస్తాడు. బందరులో నిలబడి చదివితే ఆ అధ్యాయం మరింత బాగా అర్థమౌతుంది.

ఇప్పుడు మనము ఆలోచించవలసిన సంగతి. ఆ వర్తకులలో డచ్చివారు, ఇంగ్లీషువారు మన వంటి ప్రొటెస్టెంటులే. బైబిలు వారి ఓడల్లోనే వచ్చింది. అయినా చర్చి మిషనరీ సొసైటీ వారైన ఫాక్సు, నోబుల్ దొరలు తెలుగువారి మధ్య పరిచర్య చేయడానికి బందరులో దిగింది 1841లో. 1605 నుండి లెక్కవేయండి. 236 ఏళ్ళు! ఇంగ్లీషు కంపెనీ అయితే 1813 వరకు మిషనరీలకు తన ప్రాంతాల్లో తలుపు పూర్తిగా తెరవలేదు. వర్తకానికి, పరిపాలనకు అడ్డమౌతుందని భయం. బట్ట బేరానికి మన భాష కావలసి వచ్చింది, సువార్తకు మాత్రం కావలసి రాలేదు.

విశాఖలో దీనికి భిన్నమైన సాక్ష్యముంది. లండన్ మిషన్ వారైన క్రాన్, డిగ్రాంజ్ 1805లో అక్కడికి వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు. ఆనందరాయర్ అనే విశ్వాసి సహాయంతో సువార్తలను తెలుగు చేయసాగారు. క్రాన్ 1809లో, డిగ్రాంజ్ 1810లో చనిపోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. ఆ పుస్తకాన్ని వారిద్దరూ కళ్ళతో చూడలేదు. వారు ఇక్కడ గడిపినది నాలుగైదేళ్ళు మాత్రమే.

ప్రియులారా, వర్తకులను నిందించడం తేలిక. మన వీధిలో, మన పొలం గట్టు ప్రక్కన, మన దుకాణం ఎదురుగా ఎన్నేళ్ళుగానో ఉన్నవారున్నారు. వారితో అప్పు మాట్లాడాము, కూలి మాట్లాడాము, ధర మాట్లాడాము. వారి కష్టం ఎన్నడైనా అడిగామా? మన రక్షకుని గురించి ప్రేమతో ఒక్క మాట చెప్పామా? ఏళ్ళ తరబడి ప్రక్కనే ఉన్నంత మాత్రాన పొరుగువారము కాము.

ఈసారి సముద్రానికి వెళ్ళినప్పుడు పిల్లలను ఆ సమాధుల దగ్గరకు తీసుకొని వెళ్ళండి. రాళ్ళ మీద పేర్లు గీయనీయకండి. ఈ చరిత్ర చెప్పండి. తరువాత ఇంటికి వచ్చి, ఇంతవరకు పలకరించని ఒక పొరుగింటి తలుపు తట్టండి.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.