పిల్లల గోడు వినే ఆ ఒక్కరు

ఇప్పుడు తరచుగా వినిపిస్తున్న 'స్కూల్ కౌన్సెలర్' అనే మాట వెనుక నూరేళ్లకు మించిన చరిత్ర ఉంది. భాషాపరంగా అల్పసంఖ్యాకులమైన మనం ఆ చరిత్ర తెలుసుకోవడం అవసరం.

1908లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఫ్రాంక్ పార్సన్స్ వృత్తి మార్గదర్శక కేంద్రాన్ని ప్రారంభించారు. వలస కుటుంబాలు నివసించే పేటలో, యువతకు తగిన ఉపాధి చూపడం దాని ధ్యేయం. ఆయన అదే ఏడాది మరణించినా, ఆ పని నగర పాఠశాలలకు చేరింది. ఉపాధ్యాయులే తొలి సలహాదారులయ్యారు. నాటి దృష్టి అంతా సామర్థ్యాన్ని అంచనా వేసి తగిన పనికి దారి చూపడం మీదనే.

ఆ దృష్టిని మార్చినవారిలో కార్ల్ రోజర్స్ ముఖ్యులు. రోచెస్టర్‌లో ఏళ్ల తరబడి పిల్లలతో పనిచేసిన ఆయన, 1942లో వెలువరించిన గ్రంథంలో, సలహా కన్నా ముందు నమ్మకం కుదరాలని, జంకు లేకుండా మాట్లాడగలిగే అనుబంధమే మేలు చేస్తుందని ప్రతిపాదించారు. 1993లో కారల్ గుడెనో, విద్యార్థి 'ఈ బడి నాది' అని ఎంతవరకు భావిస్తున్నాడో తెలుసుకోవడానికి 18 అంశాల ప్రశ్నావళిని ప్రకటించారు. కష్టం వస్తే చెప్పుకోవడానికి బడిలో కనీసం ఒక్క పెద్దవారైనా ఉన్నారా అన్నది అందులో ఒక అంశం.

మన దేశంలో మొదలియార్ కమిషన్ (1952-53) మాధ్యమిక విద్యలో మార్గదర్శక అధికారులు కావాలన్నది. కొఠారీ కమిషన్ (1964-66) కనీస ఏర్పాటుగా పది మాధ్యమిక పాఠశాలలకు ఒక సందర్శక సలహాదారుని సూచించింది. ఆలోచించండి: పది బళ్లు తిరిగే వ్యక్తికి ఎందరు పిల్లల పేర్లు గుర్తుంటాయి?

హోసూరు, బళ్ళారి, బరంపురం వంటి చోట్ల మన పిల్లలకు మరో చిక్కు ఉంది. 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించమంటుంది. అది పాఠం సంగతి. బాధ చెప్పుకునే భాష సంగతి అందులో లేదు. రాష్ట్ర భాషలో అడిగినప్పుడు తలదించుకునే బిడ్డ, తెలుగులో పలకరిస్తే నోరు విప్పవచ్చు.

కనుక ఆ 'ఒక్కరు' కాగల అవకాశం తెలుగు ఉపాధ్యాయునికి ఎక్కువ. శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉన్నచోట బిడ్డకూ ఆయనకూ నడుమ వారధి కండి. విన్నది నలుగురిలో పెట్టకండి. తల్లిదండ్రులారా, మార్కులు అడిగే ముందు, 'బడిలో కష్టం వస్తే ఎవరికి చెబుతావు?' అని అడగండి. బిడ్డ ఎవరి పేరూ చెప్పలేకపోతే, మరునాడే బడికి వెళ్లి ఉపాధ్యాయులతో మాట్లాడండి.