కొలతలు మగవారివి, కుట్లు ఆడవారివి

మగవాళ్ల సూటుకి చరిత్రేమిటని నవ్వేయకండి. రాజుల యుద్ధాల కంటే నాకు ఇలాంటి చరిత్రలే ఇష్టం. మనబోటి వాళ్లు వీటిల్లోనే ఎక్కడో ఒకచోట కనిపిస్తారు.

ఒకప్పుడు ఇంగ్లండులో ఒంటికి అతికినట్టు సూటు కుట్టించుకోవడం డబ్బున్న దొరలకే చెల్లేది. లండన్‌లో శావిల్ రో వీధి అందుకు పెట్టింది పేరు. గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాడికి ఆ గడప తొక్కే ధైర్యమెక్కడిది? అతనికీ ఆ ముచ్చట తీర్చినవాడు మాంటేగ్ బర్టన్. 1885లో లిథువేనియాలో యూదుల ఇంట పుట్టి, 1900లో ఒంటరిగా ఇంగ్లండు చేరిన కుర్రాడు. మొదట ఊళ్లు తిరిగి సరుకులమ్మాడు. తరవాత చెస్టర్‌ఫీల్డ్‌లో చిన్న కొట్టు పెట్టాడు. 1939 నాటికి దుకాణాలు సుమారు 600 అయ్యాయి!

కిటుకేమిటంటే, దుకాణంలో కొలతలు మాత్రమే తీసుకుంటారు. సేల్స్‌మన్ గుడ్డ ముక్కలు చూపించి, ఛాతీ, నడుము, చేతి పొడవు టేపుతో కొలిచి, కాగితం మీద రాసి లీడ్స్ పట్టణానికి పంపుతాడు. అక్కడ హడ్సన్ రోడ్డు ఫ్యాక్టరీలో 1930ల్లో దాదాపు 10,000 మంది పనిచేసేవారు. ఒకరు కాలరు, ఒకరు జేబు, ఒకరు కాజాలు. అలా పని పంచుకోబట్టే ధర తగ్గింది.

మరి సేల్స్‌మన్ పని సులువా? అంగుళం తప్పు రాస్తే లీడ్స్‌లో కోటు పాడైనట్టే. పైగా మాట తీరొకటి. పన్నులు వసూలు చేసేవాడిలా మొహం ముడుచుకోకూడదు, జోస్యగాడిలా తియ్యగా బోల్తా కొట్టించకూడదు అని బర్టన్ తన మేనేజర్లకి చెప్పేవాడట. మన చీరల కొట్లవాళ్లకీ పనికొచ్చే మాటే కదండీ!

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిషు సైనికుల యూనిఫారాల్లో నాలుగో వంతు బర్టన్ కంపెనీయే కుట్టింది. యుద్ధం ముగిశాక ఇళ్లకు మళ్లిన సైనికులకు ప్రభుత్వమిచ్చిన సూట్లలోనూ మూడో వంతు అక్కడివే.

ఇంత పేరూ దుకాణం అద్దాల వెనక నిలబడ్డ మగవాళ్లదే. లీడ్స్ ఫ్యాక్టరీలలో మాత్రం గుడ్డ కత్తిరించే పని, అంటే ఎక్కువ జీతం పని, మగవాళ్లది. మిషను తొక్కే పని ఆడవాళ్లది. 1970 ఫిబ్రవరిలో ఆ ఊరి బట్టల ఫ్యాక్టరీలకు కొత్త ఒప్పందం కుదిరింది. గంటకి మగవాళ్లకి 5 పెన్నీల పెంపు, ఆడవాళ్లకి 4! ఒక్క పెన్నీయేగా అనుకోలేదు వాళ్లు. అందరికీ ఒకటే ఇవ్వండి, షిల్లింగు ఇవ్వండి అంటూ పని ఆపి వీధిలోకొచ్చారు. ఫ్యాక్టరీ తరవాత ఫ్యాక్టరీ, వేలమంది కదిలారు. సమాన వేతన చట్టం అదే ఏడాది వచ్చింది, అమలు 1975 చివరకి గాని కాలేదు. ఆ సమ్మె మీద 1974లో బి.బి.సి. 'లీడ్స్ యునైటెడ్' అనే నాటకం కూడా ప్రసారం చేసింది.

తరవాత రెడీమేడ్లు వచ్చాయి. బర్టన్ కంపెనీ 1981లో సొంతంగా కుట్టడం మానేసింది. 2021లో దుకాణాలన్నీ మూతపడ్డాయి.

మీ ఇంట పెళ్లికొడుక్కి సూటు కొలతలిప్పించేటప్పుడు గుడ్డ ఖరీదు ఎలాగూ బేరమాడతారు. కుట్టుకూలి ఎంత, అందులో కుట్టిన చేతికి దక్కేదెంత అని కూడా ఒక్క మాట అడగండి.