మా మేడ మీది గోదావరి వంతెన



పదవీ విరమణ చేశాక కాలక్షేపం ఏమిటని చాలామంది అడుగుతుంటారు. బొమ్మ రైలుతో ఆడుకుంటున్నానంటే నవ్వుతారు. ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని మన కార్యదర్శి గారు కోరగా, ఈ ఆటకున్న చరిత్రనూ, అందులో ఆలస్యంగా నేను నేర్చుకున్న ఒక సంగతినీ మీ ముందుంచుతున్నాను.

బొమ్మ రైళ్లకు నూరేళ్లు ఎప్పుడో దాటాయి. జర్మనీలోని గోపింగెన్ ఊళ్లో పిల్లల బొమ్మరిళ్లకు వంటసామాను చేసే మార్క్‌లిన్ అనే సంస్థ 1891లో లైప్‌జిగ్ సంతలో కీ ఇస్తే నడిచే రైలును పట్టాలతో సహా ప్రదర్శించింది. పట్టాల వెడల్పులకు నంబర్లు పెట్టడం ఆ సంస్థ చేసిన గొప్ప పని. దానివల్ల ఈ ఏడాది కొన్న పట్టాలకు పై ఏడాది కొన్నవి కలుపుకునే వీలు కలిగింది. ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ స్థాపించిన మెకానో సంస్థ 1920లో కీ రైళ్లను, 1938లో టేబులు మీద పట్టే చిన్న డబ్లో రైళ్లను అమ్మకానికి తెచ్చింది.

ఇళ్లు చిన్నవి కావడంతో బొమ్మలూ చిన్నవయ్యాయి. 32 మిల్లీమీటర్ల 'ఓ' గేజిలో దాదాపు సగం చేస్తే 'హెచ్.ఓ.' వచ్చింది. అందులో ప్రతిదీ అసలు దానిలో 87వ వంతు, పట్టాల మధ్య వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. అయితే బ్రిటిష్ ఇంజన్లు యూరపు ఇంజన్ల కంటే చిన్నవి. ఆనాటి మోటార్లు వాటి బొమ్మల్లో పట్టలేదు. అందుకని అక్కడివారు ఇంజనును 76వ వంతుకు పెంచి, పట్టాలను మాత్రం 16.5 లోనే ఉంచేశారు. ఇంజనుకు తగిన వెడల్పు 18.83 మిల్లీమీటర్లు కావాలి. ఈ తప్పు సహించలేని కొందరు 1960లలో ఆ కొలతకే సొంతంగా పట్టాలు వేసుకోవడం మొదలుపెట్టారు. రెండు మిల్లీమీటర్ల కోసం ఇంత పట్టుదలా అని మొదట నవ్వుకున్నాను.

నేను పి.డబ్ల్యు.ఐ.గా పనిచేసిన వాడిని. రాజమండ్రి దగ్గర పనిచేసిన ఏళ్లలో హేవలాక్ వంతెన నా సెక్షనులో ఉండేది. 1897లో పని మొదలుపెట్టి 1900లో రైళ్లు నడిపిన వంతెన అది. అంతకు ముందు ప్రయాణికులు గోదావరిని పడవల మీద దాటేవారు. అప్పటి మద్రాసు గవర్నరు పేరు దానికి పెట్టారు. రాతి స్తంభాల మీద 150 అడుగుల స్పానులు 56. సుమారు నూరేళ్లు పనిచేసి 1997లో విశ్రాంతి తీసుకుంది. మా అబ్బాయి విదేశం నుంచి హెచ్.ఓ. సెట్టు తెచ్చినప్పుడు, చేస్తే ఆ వంతెనే చేయాలనుకున్నాను.

లెక్క వేస్తే గుండె జారింది. ఒక్కొక్క స్పాను 52 సెంటీమీటర్ల పైచిలుకు. 56 స్పానులకు 29 మీటర్లు కావాలి. మా మేడ మీది గది పొడవు 14 అడుగులు! చివరికి 6 స్పానులతో సరిపెట్టాను. తరువాత గేజి గుర్తొచ్చింది. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. 87వ వంతు చేస్తే 19.3 రావాలి, సెట్టు పట్టాలు 16.5. అసలు లైనులో అయితే 24 సెంటీమీటర్ల తేడా! ఉద్యోగంలో నాలుగైదు మిల్లీమీటర్ల తేడాకే గ్యాంగును నిలబెట్టి అడిగిన వాడిని నేను. ఇంగ్లండు వారిని చూసి నవ్విన నవ్వు నాకే తిరిగొచ్చింది. చక్రాలు మార్చే నేర్పు లేక అదే గేజితో సర్దుకున్నాను.

మిగతా పని ఓపికగా చేశాను. ప్లైవుడ్ బల్ల, థర్మోకోల్ గట్లు, ఫెవికాల్‌తో అతికించిన అట్ట గర్డర్లు. గట్టు మీద కంకరకు బదులు సన్న జల్లెడ పట్టిన ఇసుక, వాడేసిన టీ పొడి ఎండబెట్టి మట్టి, రంగు కలిపిన రంపపు పొట్టు పచ్చిక. నీటికి శ్రావణమాసపు ఎర్రరంగు వేసి, పైన నాలుగు కోటింగులు వార్నిషు. రెండేళ్లు పట్టింది.

ఆ రోజుల్లో నా సెక్షనులో కీమాన్‌గా చేసిన పెద్దాయన ఒకరు మొన్న పెన్షను పని మీద ఊళ్లోకి వచ్చి మా ఇంటికి వచ్చారు. పైకి తీసుకెళ్లి బండి నడిపి చూపించాను. మిగతా 50 స్పానులు ఏవని అడుగుతారేమో, గేజి సంగతి పట్టేస్తారేమోనని జవాబులు సిద్ధం చేసుకున్నాను. ఆయన వంగి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, "బాగుందండి అయ్యగారూ. మరి బండొస్తే నేనెక్కడ నిలబడాలండి?" అన్నారు.

నాకు మాట రాలేదు. వంతెన పక్కకు కట్టే ట్రాలీ రెఫ్యూజిలు నేను పెట్టలేదు. రోజూ పానా, సుత్తి భుజాన వేసుకుని ఆ వంతెన నడిచే మనిషికి బండి వచ్చినప్పుడు ప్రాణం నిలిపేది ఆ నాలుగు చెక్కల అరుగే. నేనూ వాటి మీద నిలబడ్డవాడినే. ఒక వర్షాకాలంలో ఒక రెఫ్యూజికి రెండు చెక్కలు పోయాయని ఆయన రెండుసార్లు చెబితే, వచ్చే నెల చూద్దామన్నది కూడా నేనే. ఆ నెలలో ఒక తెల్లవారుజామున మెయిలు వెళుతుండగా కమ్మీ పట్టుకుని వేలాడానని ఆయన ఇప్పుడు చెప్పారు. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదంటే, "చెక్కలు తరవాత వేయించారు కదండీ" అన్నారు.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని అగ్గిపుల్లలతో రెఫ్యూజిలు అతికించాం. ఆయన కొలతలు చెప్పారు, నేను కోశాను. ఒక దాని మీద మైనంతో 2 సెంటీమీటర్ల లోపు మనిషిని చేసి నిలబెట్టాం.

ఇప్పుడు చూడవచ్చే పిల్లలు ముందు ఇంజను చూస్తారు, తరువాత ఆ మనిషి ఎవరని అడుగుతారు. తక్కిన స్పానుల లెక్క ఎవరూ అడగరు. మీలో ఆ వంతెన మీద పనిచేసిన వారుంటే ఒకసారి మా ఇంటికి దయచేయండి. నేను మరచినవి ఇంకా ఉండే ఉంటాయి. చెబితే పెడతాను.

సెలవు.