నాడియా, వాయువా? పుపుస రక్తప్రసరణ నియంత్రణపై సాగిన వాదం (1894–1991)

గుండె ఎడమ జఠరిక దేహమంతటికీ ఎంత రక్తాన్ని పంపుతుందో, కుడి జఠరిక ఊపిరితిత్తులకు దాదాపు అంతే పంపుతుంది. అయినా పుపుస ధమనిలో సగటు పీడనం సుమారు 15 మి.మీ. పాదరసం మాత్రమే, మహాధమనిలో అది 90 దాకా ఉంటుంది. ఈ అల్పపీడనమే శరీరధర్మ శాస్త్రజ్ఞులను చాలాకాలం చిక్కులో పడవేసింది. పుపుస పీడనం కొద్దిగా పెరిగితే దానికి కారణం నాళాల సంకోచమా, గుండె అధికంగా రక్తాన్ని నెట్టడమా, ఎడమ కర్ణికలో రక్తం నిలిచి వెనుకకు ఒత్తిడి కలిగించడమా? ప్రవాహాన్ని కూడా కొలవనిదే ఈ మూడింటినీ వేరుచేయడం సాధ్యం కాదు.

1894లో బ్రాడ్‌ఫర్డ్, డీన్ మహాధమని పీడనాన్నీ పుపుస ధమని పీడనాన్నీ ఏకకాలంలో నమోదు చేశారు. ఛాతీ ఎగువభాగపు నాడులను ఉత్తేజపరిస్తే పుపుస పీడనం పెరగడం గమనించి, ఊపిరితిత్తుల నాళాలకు సంకోచక నాడులు ఉన్నాయని నిర్ధారించారు. అయితే దేహంలోని ఇతర నాళాలతో పోలిస్తే ఈ యంత్రాంగం బలహీనమైనదేనని వారే ఒప్పుకున్నారు. ఊపిరాడకుండా చేసినప్పుడు సైతం పీడనం పెరుగుతుందని వారు గుర్తించారు. కానీ ఆ పరిశీలన అప్పట్లో వాదానికి కేంద్రం కాలేదు.

పదేళ్ల తర్వాత బ్రోడీ, డిక్సన్ దీనికి ఎదురు నిలిచారు. కృత్రిమంగా రక్తాన్ని ప్రసరింపజేసిన ఊపిరితిత్తులలో అడ్రినలిన్ నాళాలను సంకోచింపజేయలేదు. అడ్రినలిన్ సహానుభూత నాడుల చర్యను అనుకరిస్తుంది గనుక, స్పందన లేనిచోట ఆ నాడులూ లేవన్నది వారి తర్కం. ఈ తర్కం కంటికి కనిపించినంత దృఢమైనది కాదు. ఒక ఔషధం పనిచేయకపోవడం నాడి లేకపోవడానికి రుజువు కాదు. ఆ ఊపిరితిత్తి ప్రయోగసమయంలో ఏ స్థితిలో ఉందన్నది కూడా తేలాలి. 1932లో డేలీ, ఆయిలర్ కుక్కలపై చేసిన పని ఈ లోపాన్నే పట్టుకుంది. నాడులను తెంచకుండా నిలిపి, శ్వాసనాళ ధమనుల ప్రసరణను కూడా కొనసాగించినప్పుడు సహానుభూత ఉత్తేజనానికి నాళాలు సంకోచించాయి.

నాడుల పక్షాన ఇంత బలమైన సాక్ష్యమిచ్చిన ఆయిలరే 1946లో వాదాన్ని మరో దారి పట్టించాడు. అతడూ లిల్యెస్ట్రాండూ పిల్లులకు 10.5 శాతం ఆక్సిజన్ ఉన్న వాయువును పీల్పించగా పుపుస పీడనం పెరిగింది. నాడులను తొలగించినా ఆ ఫలితం మారలేదు. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఇతర కణజాలాలలో నాళాలు విస్తరిస్తాయి, ఇక్కడ మాత్రం ముడుచుకుంటాయి. గాలి సరిగా అందని వాయుగోణుల నుంచి రక్తం గాలి ఉన్న వాటివైపు మళ్లుతుందన్న వివరణ దీనినుంచే పుట్టింది. సహానుభూత నాడీ ప్రసారకం నోర్‌అడ్రినలిన్ అని ఆయిలర్ చూపినదీ అదే 1946లోనే! ఆ కృషికే 1970లో అతనికి నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

మరుసటి ఏడే కూర్నాన్ బృందం కాథెటర్ సాయంతో మనుషులలోనూ ఈ స్పందనను చూపింది. 1958లో ఫ్రిట్స్, కూర్నాన్ తదితరుల ఫలితం చరిత్రకారునికి మరింత ఆసక్తికరం. మామూలు గాలి పీల్చే ఆరోగ్యవంతులలో ఎసిటైల్‌కోలిన్ ప్రభావం స్వల్పం. ఆక్సిజన్ తగ్గించి నాళాలు ముడుచుకున్నాక అదే ద్రవ్యం పీడనాన్ని తగ్గించింది. ముందే విస్తరించి ఉన్న నాళం ఇంకా విస్తరించలేదు గదా. 1904 నాటి నిర్ధారణను ఈ వెలుగులో మళ్లీ చదవవలసి ఉంటుంది.

ఎసిటైల్‌కోలిన్ ఎలా పనిచేస్తుందో 1980 దాకా తెలియలేదు. కుందేలు మహాధమని లోపలి పొర చెరిగిపోతే ఆ ద్రవ్యం నాళాన్ని విస్తరింపజేయలేదని ఫర్చ్‌గాట్, జవాడ్‌స్కీ కనుగొన్నారు. అంతవరకు ఎన్నో ప్రయోగశాలలలో తయారీ దశలోనే ఆ పొర తెలియకుండా నశించేది. అది విడుదల చేసే పదార్థం నైట్రిక్ ఆక్సైడ్ అని 1987లో తేలింది. 1991లో ఫ్రాస్టెల్, జపోల్ బృందం గొర్రెపిల్లలకు దానిని వాయురూపంలోనే పీల్పించింది. పుపుస పీడనం తగ్గింది, దేహపీడనం తగ్గలేదు. రక్తంలో చేరగానే హిమోగ్లోబిన్ దానిని పట్టివేయడంతో ఆ వాయువు చర్య ఊపిరితిత్తి దాటిపోలేదు.