కుట్టుమిషనుకు వానతో పనిలేదు

మా అనంతపురం చరిత్ర అనగానే ఎవరైనా మొదలుపెట్టేది వానతోనే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు, రెండు ఋతుపవనాలూ సరిగ్గా అందని వానచాటు నేల, వేరుశెనగ, ఎండిన బోర్లు, బెంగుళూరు బస్సు. అన్నీ నిజమే. కానీ ఈ లిస్టులో ఎప్పుడూ కనపడని వస్తువొకటి మా ఇంట్లో కిటికీ పక్కన ఉంది. కాళ్ళతో తొక్కే నల్లటి ఉషా మిషను. మా అవ్వ కొన్నది, అమ్మ తొక్కినది, చిన్నప్పుడు దాని చక్రం తిప్పి నేను తన్నులు తిన్నది.

దీని కథ మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి బాగా నచ్చుతుంది. 1831లో పారిస్ దర్జీలు తిమోనియే అనే ఆయన మిషన్లని విరగ్గొట్టారు, తమ కూడు పోతుందని. 1846లో అమెరికాలో ఎలియాస్ హోవ్ పేటెంటు తీసుకున్నాడు. చేతిసూదికి కన్ను వెనక ఉంటుంది కదా, ఈ మిషను సూదికి కన్ను మొన దగ్గరే. పై దారం గుడ్డలోంచి కిందకి దిగి చిన్న ఉచ్చులా నిలబడితే, షటిల్ రెండో దారాన్ని అందులోంచి లాగుతుంది. రెండు దారాలూ గుడ్డ మధ్యలో ముడిపడతాయి. అంతే, మిగతాదంతా దీనిచుట్టూ అల్లుకున్నదే.

1851లో ఐజాక్ సింగర్ వచ్చాడు. ఆ తర్వాత అందరూ అందరిమీదా కేసులు వేసుకున్నారు. చివరికి 1856లో పేటెంట్లన్నీ ఒకచోట చేర్చి పంచుకున్నారు. అదే ఏడు సింగర్ కంపెనీ మిషన్లని వాయిదాల మీద అమ్మడం మొదలుపెట్టింది. మనం ఈ.ఎం.ఐ. అని మురిసిపోయే దానికి అంత వయసుందన్నమాట.

యంత్రాలంటే పడని గాంధీగారు కూడా 1924లో సింగర్ మిషనుని మాత్రం మినహాయించారు. భార్య చేత్తో కుట్టుకుంటూ పడే అవస్థ చూడలేక సింగర్ దాన్ని తయారుచేశాడని ఆయన నమ్మకం. నిజానికి సింగర్ గారికి ఒకటికి మించి సంసారాలూ, ఇరవైమందికి పైగా పిల్లలూ. గురి డబ్బుమీదే. కారణం తప్పయినా గాంధీగారి మాట మాత్రం మా ఇంట్లో నిజమైంది. 1930ల్లో కలకత్తా జయ్ ఇంజనీరింగ్ వర్క్స్ ఉషా మిషన్లు మొదలుపెట్టాక, మెల్లగా అవి మాలాంటి ఇళ్ళకీ చేరాయి.

మా జిల్లాలో కుట్టుపని అంటే మొదట చెప్పాల్సింది రాయదుర్గం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా అది బళ్ళారి జిల్లాలో తాలూకా. బళ్ళారి మైసూరుకి పోయింది, రాయదుర్గం అనంతపురంలో కలిసింది. కానీ సరిహద్దు గీతకి గుడ్డ ఆగుతుందా? బళ్ళారి జీన్స్ ప్యాంట్లకి పేరు తెచ్చుకుంటే, రాయదుర్గమూ జీన్స్, రెడీమేడ్ దుస్తులకి పేరు తెచ్చుకుంది. చేను పండకపోయినా ఊళ్ళో మిషన్లు తిరుగుతూనే ఉంటాయి. ఇక్కడ కరవుకి చావని పంట అదొక్కటే అనిపిస్తుంది నాకు.

2002లో దేశమంతా వర్షాలు మొహం చాటేశాయి. నేనప్పుడు బీటెక్ మూడో సంవత్సరం. మా చేన్లో విత్తనం గింజలు కూడా తిరిగి రాలేదు. నాయన ఎద్దుల్ని అమ్మేశాడు. తర్వాత ఒకాయన మిషను అడిగితే నాయన మెత్తబడ్డాడు. అవ్వ గడపలో అడ్డంగా కూర్చుంది. "ఎద్దులు పోయినా సరే, మిషను పోతే ఇంట్లో పొయ్యి ఆరిపోతాది రా" అంది. మిషను మిగిలింది. రవికకి పదిహేను రూపాయలు. ఆది జాకెట్టు పక్కన పెట్టుకుని రాత్రి పన్నెండు దాకా అమ్మ తొక్కేది. నా మెస్సు బిల్లు ఆ రవికల్లోంచే వచ్చింది.

అలాగని దీన్ని మరీ అందంగా చూపించడం నాకిష్టం లేదు. పీసు లెక్కన కుట్టేవాళ్ళకి సెలవు లేదు, జీతం పెరగడం లేదు, నడుం నొప్పికి ఇన్సూరెన్సు లేదు. ఊరొదిలి బెంగుళూరు గార్మెంట్ ఫ్యాక్టరీలకి వెళ్ళిన మా ఊరి ఆడపిల్లలకి గంటకిన్ని పీసులని టార్గెట్. మన డెడ్‌లైన్ల గురించి మనం ఎంత గొడవ చేస్తాం! గాంధీగారు మెచ్చింది ఇంట్లో ఉండే మిషనుని. అదే మిషను వరసల్లో నిలబడ్డప్పుడు, తొక్కే మనిషి చేతిలో పగ్గం ఉండదు. ఆమాటకొస్తే అమ్మ చేతిలో మాత్రం ఎంతుందని? రేటు ఎప్పుడూ ఊరే చెప్పేది.

మొన్న సంక్రాంతికి వెళ్ళి పాత కాగితాలు సర్దుతుంటే నా ఇంజనీరింగ్ అప్లికేషను జెరాక్స్ దొరికింది. తండ్రి వృత్తి దగ్గర 'వ్యవసాయం' అని రాశాను. తల్లి వృత్తి దగ్గర 'గృహిణి'. నా చేతి రాతే. ఆ రోజు వేసుకున్న చొక్కా కూడా ఆమె కుట్టిందే.

అమ్మకి చూపించి, తప్పు రాశానమ్మా అన్నాను. కళ్ళజోడు సర్దుకుని చదివింది. "అప్పుడు అందరూ అట్లే రాస్తా ఉండిరి లే" అని, "ఆ సూదిలోకి దారం ఎక్కించిపో, కండ్లు ఆనడంల్యా" అంది.

ఎక్కించాను. మూడుసార్లు తప్పింది.