డైనమో ఉస్తాదుల విద్య

నగరచరిత్రలు వ్రాయువారు ప్రాసాదములను, ప్రభువులను, శాసనములను స్మరింతురు. ఆ ప్రాసాదములకు రాయియు నిసుకయు మోసిన బండ్లను ఆగిపోకుండ నడిపించిన చేతులను స్మరించువారు అరుదు. మాదాపూరు మొదలు గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల వఱకు నేడు విస్తరించియున్న సైబరాబాదు నిర్మాణము వెనుక అట్టి చేతుల చరిత్ర యొకటి కలదు. అది ఉస్తాదులని పిలువబడు ఆటో ఎలక్ట్రీషియనుల వృత్తిచరిత్ర.

హైదరాబాదు రాజ్యమున ప్రభుత్వపు బస్సు రవాణా 1932లో మొదలయ్యెను. నిజాము రాష్ట్ర రైల్వేకు అనుబంధముగా ఏర్పడిన రోడ్డు రవాణా శాఖ ఆ సంవత్సరమున 27 బస్సులతోను 166 మంది ఉద్యోగులతోను పని ప్రారంభించెను; అదియే కాలక్రమమున 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా పరిణమించెను. 1942లో నెలకొన్న హైదరాబాదు ఆల్విన్ కర్మాగారము బస్సుల బాడీలను నిర్మించెను. బస్సులును లారీలును పెరిగిన కొలది సికింద్రాబాదు రాణీగంజున విడిభాగముల దుకాణములును, ఊరి నలుమూలల మరమ్మతు కొట్లును వర్ధిల్లెను.

ఆనాటి బండ్లకు కరెంటు నిచ్చినది డైనమో. దానియందు తిరుగునది ఆర్మేచరు. పుట్టిన కరెంటంతయు కమ్యుటేటరుపై ఒరసికొను కార్బన్ బ్రష్షుల ద్వారముననే వెలికి రావలెను. కావున బ్రష్షులు త్వరగా నరుగును; ఇంజను మెల్లగా తిరుగునపుడు చార్జింగు చాలదు. బ్యాటరీ కరెంటు వెనుకకు మఱలి డైనమోను కాల్చివేయకుండ కటౌటు కావలి కాయును. కమ్యుటేటరును గరుకు కాగితముతో మెఱయ దోమి, రాగి పలకల నడుమ పైకి లేచిన మైకాను హ్యాక్సా బ్లేడుతో సన్నగా గీచి లోతు చేయుట ఉస్తాదు శిష్యునకు నేర్పు తొలిపాఠములలో నొకటి.

సిలికాన్ డయోడు చౌకగా లభింపసాగిన పిమ్మట 1960లో అమెరికాలో క్రైస్లర్ సంస్థ తన వాలియంట్ కారున డైనమోకు మారుగా ఆల్టర్నేటరు నమర్చెను. ఇందు తిరుగునది అయస్కాంతక్షేత్రము. కరెంటు జనించునది కదలక నిలిచియుండు తీగచుట్టలయందు. బ్రష్షులు మోయవలసినది స్వల్పమైన ఫీల్డు కరెంటు మాత్రమే. ఆ యంత్రము క్రమముగా మన బండ్లకును వచ్చెను గాని కొట్ల బోర్డులపై ‘సెల్ఫ్, డైనమో’ అను మాటలు చెదరక నిలిచినవి. మాటతో పాటు పాత యలవాటొకటియు నిలిచినది: ఇంజను నడచుచుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి, ఇంజను ఆగనిచో చార్జింగు కలదని నిశ్చయించుట. డైనమో కాలమున చెల్లిన ఈ పరీక్షయే ఆల్టర్నేటరు కాలమున వోల్టేజి నొక్కసారిగా ఎగదన్ని డయోడులను బలిగొనుచుండుటచే, ఉస్తాదులు దానిని మానుకొని మీటరు చేపట్టవలసివచ్చెను.

1998 నవంబరు 22వ తేదీన ప్రధాని అటల్ బిహారీ వాజపేయి మాదాపూరున సైబర్ టవర్సును ప్రారంభించిరి. అటుపిమ్మట రాతిగుట్టలు కరగి కట్టడములైనవి. పగలు సిమెంటును, సెంట్రింగు సామానును మోసిన టాటా 207, బొలెరో పికప్పులును, రాత్రి ఉద్యోగులను చేరవేసిన సుమో, క్వాలిస్ బండ్లును విశ్రాంతి యెఱుగక తిరిగినవి. రాతిదుమ్ము, గుంతల కుదుపు, హెడ్‌లైట్లు వెలిగించుకొని ట్రాఫికులో నిలిచిపోవు దీర్ఘసమయములు, ఇవన్నియు చార్జింగునకు శత్రువులు. ఈ బండ్లు పాతబడిన కొలది, విడిచి విడిచి వచ్చు చలిజ్వరమువంటి రోగమొకటి వానిని పట్టుకొనెను: కొట్టు ముందు నిలిపినపుడు చార్జింగు సక్రమము, దారిలో మాత్రము డ్యాష్‌బోర్డున చార్జింగు ఎఱ్ఱదీపము మినుకుమినుకు.

ఈ రోగనిర్ణయమునందే ఆ విద్య పరాకాష్ఠ. అనుభవశాలియైన ఉస్తాదు తొలుత ఆల్టర్నేటరును విప్పడు. బొటనవ్రేలితో బెల్టు నొక్కి బిగువు చూచును. టెర్మినల్‌పై పట్టిన తెల్లని బూజును వేడినీటితో కడిగించును. ఆగిన బండి బ్యాటరీయందు 12.6 వోల్టులు, నడచు బండియందు సుమారు 14 వోల్టులు కనబడినంతమాత్రమున తృప్తిపడక, లైట్లన్నియు వేయించి, ఇంజను బాగుగా వేడెక్కువఱకు వేచి, తీగలకట్టను చేతితో నటునిటు కదపుచు మీటరు ముల్లును కనిపెట్టియుండును. ముల్లు జారిన చోటనే దోషము. మీటరు తీగ నొకదానిని ఆల్టర్నేటరు ఒడలికిని, రెండవదానిని బ్యాటరీ నెగటివునకును ఆనించినపుడు అర వోల్టు కనబడెనా, ఇంజనునకును ఛాసీకిని నడుమనున్న ఎర్తు పట్టీ తుప్పుపట్టినదని గ్రహించును. తాళము త్రిప్పినపుడు డ్యాష్‌బోర్డున ఎఱ్ఱదీపము వెలుగనేలేదా, పెక్కు పాతబండ్లలో ఫీల్డునకు తొలి కరెంటు ఆ బల్బు గుండనే పోవును గావున బల్బును, దాని తీగను ముందు శోధించును. స్క్రూడ్రైవరు పిడితో ఆల్టర్నేటరుపై మెల్లగా తట్టినంతనే చార్జింగు మరలివచ్చెనా, బ్రష్షులు అరిగి స్లిప్ రింగును అందుకొనలేకున్నవి. అప్పుడు మాత్రమే స్పానరు పట్టును.

తీగయందలి తప్పునకు యంత్రమును శిక్షింపరాదనునదే ఈ విద్య సారము. మంచి యంత్రమును పాఱవేయించి క్రొత్తది కొనిపించుట సులభము, లాభకరము కూడ. అయినను, దినసరి సంపాదనపై బ్రతుకు డ్రైవరు డబ్బును తన డబ్బువలె నెంచిన ఉస్తాదులు ఆ సులభమార్గమును వర్జించిరి. ఇది నీతిశాస్త్రము కూడ.

నేటి క్రొత్త బండ్లలో ఆల్టర్నేటరును కంప్యూటరు శాసించుచున్నది. విద్యుత్ వాహనములకు ఆల్టర్నేటరుతో పనియే లేదు. తీరని రోగములను తీర్చిన ఈ చేతులు కాగితముపై వ్రాసినది అత్యల్పము. పికప్పు బండ్లు రోడ్లపై నుండగనే, ఆ ఉస్తాదులు జీవించియుండగనే, మన ఐటీఐలు వారిని పిలిపించి, వారి పరీక్షాక్రమమును తెలుగున గ్రంథస్థము చేయవలెను. కోట్ల రూపాయల సౌధములకు శంకుస్థాపన ఫలకములు చెక్కించిన నగరము, వాని భారమును మోసినవారి విద్యకు ఒక పుస్తకమైన నిచ్చుట న్యాయము.