గనుల పట్టణములు – భక్తి ప్రణయ కథలు



కంసాలి వీధిలోని మట్టిని ప్రోగుచేసి, నీటిలో కడిగి, అందలి బంగారు రజనును తీసికొని జీవించు జలగడుగువారిని మీలో పెద్దలైనవారు ఎరుగుదురు. తట్టెడు మట్టిని ఎన్నిమారులో కడిగినగాని గురిగింజయెత్తు బంగారము దొరకదు. అట్టి పనికై లక్షలాది జనులు ఇల్లు వాకిలి విడిచి, సముద్రములు దాటి పోయిన కాలమొకటి కలదు. ఆ కాలపు గనుల పట్టణములను రంగముగా గైకొని క్రైస్తవ రచయితలు భక్తిని, ప్రణయమును కలిపి నవలలు వ్రాసిరి. ఆ నవలలను గూర్చియు, వాని వెనుకనున్న నిజమైన చరిత్రమును గూర్చియు నేడు మనవి చేసెదను.

1848వ సంవత్సరము జనవరి 24వ తేదీన అమెరికా పడమటి తీరమందలి కాలిఫోర్నియాలో, కొలోమా అనుచోట, జాన్ సట్టరు అను భూస్వామికి ఱంపపు మిల్లు కట్టించుచుండిన జేమ్సు మార్షలు అను వడ్రంగికి కాలువలో పచ్చని పలుకులు కనబడెను. అవి బంగారమని తేలినది. వార్త దాచినను దాగలేదు. కొలది యేండ్లలో సుమారు 3 లక్షల మంది ఆ సీమకు చేరిరి. సుమారు వేయిమంది జనము గల సాన్ ఫ్రాన్సిస్కో పట్టణము రెండేండ్లలో 20 వేలు దాటినది.

ఏటి గులకమట్టిని పళ్లెములో పోసి నీటితో త్రిప్పగా తేలిక మట్టి కొట్టుకొనిపోయి బరువైన బంగారము అడుగున నిలుచును. ఇదియే తొలినాటి విద్య. అచ్చటి బంగారము తరిగినంతనే గుడారములు పీకుకొని జనులు వేరొక యేటికి పోవుదురు. ఊరికి ఊరే లేచిపోవును. ఒక్క కోడిగ్రుడ్డు డాలరు పలికిన దినములు కలవు. బంగారము త్రవ్వినవానికంటె, వానికి పారయు, పిండియు, సారాయియు అమ్మినవాడే ఎక్కువ గడించెను. 1850 నాటి జనాభా లెక్కలలో ఆ రాష్ట్రమున స్త్రీలు నూటికి పదిమందికి తక్కువ. తల్లి లేదు, ఇల్లాలు లేదు, మాట చెప్పు పెద్ద లేడు. అట్టి ఊరిలో జూదము, త్రాగుడు, స్త్రీలను కొని అమ్ముట పెరిగెననుటలో వింత లేదు.

ఆ సంతలోనికి బోధకులును వచ్చిరి. విలియం టేలరు అను మెథడిస్టు బోధకుడు 1849లో సాన్ ఫ్రాన్సిస్కో చేరి, జూదపుటిండ్ల యెదుట వీధిలో నిలిచి ఏడేండ్లు బోధించెను. ఒక్కొక్కప్పుడు సారాపీపాయే ఆయనకు వేదికయయ్యెను. ఈయనయే 1870లో మన దేశమునకు వచ్చి బొంబాయి, మదరాసు, బెంగుళూరు మొదలగు నగరములలో సంఘములను స్థాపించెను.

ఇట్టి బోధకుల అనుభవమునుండియే నవలలు పుట్టినవి. 1898లో వెలువడిన ‘బ్లాక్ రాక్’ వానిలో పేరొందినది. రచయిత చార్లెసు గార్డను కెనడా దేశపు ప్రెస్బిటేరియను బోధకుడు. పడమటి కొండలలో గనివారి నడుమ పనిచేసినవాడు. ఆయన పెట్టుకొన్న మారుపేరును తంతిలో తప్పుగా చదువుటచే రాల్ఫ్ కానరు అను క్రొత్త పేరు ఏర్పడి, లోకమున అదియే నిలిచినది. ఆ కథలో క్రెయిగు అను యువబోధకుడు సారాయితో పోరాడును. గనిలో భర్తను పోగొట్టుకొన్న మేవరు అను వితంతువు ఊరు విడువక గనివారికి సేవ చేయుచుండును. వారిరువురకు ప్రేమ కలుగును. కాని కర్తవ్యమును తలచి ఎడబాటునే ముందుగా వరింతురు. ఇందు ప్రణయము ధర్మమునకు లోబడినది.

తరువాతి కాలమున 1991లో ఫ్రాన్సీను రివర్సు అను అమెరికా రచయిత్రి ‘రిడీమింగ్ లవ్’ అను నవల ప్రకటించెను. 1997లో దానినే సవరించి క్రైస్తవ పాఠకులకై మరల అచ్చువేసిరి. 2022లో చలనచిత్రముగా వచ్చినది. బైబిలులో హోషేయ యను ప్రవక్త తన్ను విడిచిపోయిన గోమెరను భార్యను వెలయిచ్చి మరల తెచ్చుకొనును. ఆ గాథనే రచయిత్రి 1850 నాటి కాలిఫోర్నియాకు తెచ్చినది. బాల్యముననే అమ్ముడుపోయిన ఏంజెలు అను యువతిని మైకేలు హోషేయ యను రైతు పెండ్లాడును. ఆమె పలుమారులు పారిపోవును, అతడు క్షమించును. తన అసలు పేరును ఎవరికిని చెప్పనిది, కట్టకడపట భర్తకు చెప్పును. నా యెరిగినంతలో ఆ నవలకు ప్రాణము అచ్చటనే యున్నది. అమ్ముడుపోయిన మనిషి ముందుగా పోగొట్టుకొనునది పేరు.

అయినను ఈ కథలు మరచినదియు కలదు. కాలిఫోర్నియాలో 1848 నాటికి సుమారు లక్షన్నర యుండిన ఆదివాసులు 1870 నాటికి 30 వేలకు తగ్గిరి. రోగము, ఆకలి, హత్యలు దీనికి కారణములు; 1850లో చేసిన చట్టము వారిని వెట్టికి పట్టుకొనుటకు దారి యిచ్చినది. ఆ యేటనే పరదేశపు గనివారిపై నెలకు 20 డాలర్ల పన్ను వేసిరి. ప్రణయ కథలో ఏటి యొడ్డు సుందరముగా కనబడును. ఆ యొడ్డు అంతకుముందు ఎవరిదను ప్రశ్న తరచుగా వినబడదు.

మరియొక మాట. నవలలో ఒక్క సత్పురుషుని ప్రేమ ఒక్క స్త్రీని విడిపించును. చరిత్రలో ఆ పనికి ఇల్లు, న్యాయస్థానము, ఏండ్ల తరబడి ఓపిక కావలసివచ్చెను. చీనా దేశమునుండి తెచ్చి అమ్మిన బాలికలకై ప్రెస్బిటేరియను స్త్రీలు 1874లో సాన్ ఫ్రాన్సిస్కోలో ఒక శరణాలయము నెలకొల్పిరి. 1895లో అచ్చటికి వచ్చిన డొనాల్డీనా కామెరాను సుమారు నలుబదియేండ్లు పాటుపడెను. తప్పించుకొన్న బాలికపై యజమాని నగల దొంగతనము మోపి పట్టించుకొనజూచును, అంతట వ్యాజ్యమాడవలెను. తండ్రి చేసిన జూదపు అప్పునకు అమ్ముడుపోయిన టియెన్ ఫూ వూ అను బాలిక ఆ యింటనే పెరిగి, దుబాసీయై, ఇతర బాలికలను విడిపించుటకు జీవితమంతయు ఇచ్చెను. ఆ యింటి కట్టుబాట్లకు తాళలేక పారిపోయినవారును లేకపోలేదు. ఇంచుమించు నవలలోని ఏంజెలు వలెనే! కాని విడిపించినవాడు గొప్పవాడని నవల చెప్పగా, విడివడిన స్త్రీయే పదిమందిని విడిపించెనని చరిత్ర చెప్పుచున్నది.

కాబట్టి ఇట్టి నవలలను మన పిల్లలు చదువరాదా యని అడిగినచో, చదువవచ్చుననియే నా సమాధానము. పతితులని లోకము త్రోసివేసినవారికిని గౌరవము కలదని అవి చెప్పుచున్నవి. అది ఏ మతమువారికైనను వినదగిన మాట. కాని కథతోపాటు చరిత్రను గూడ వారికి చెప్పవలెను.

మనకును గనులు పరాయివి కావు. 1880 మొదలు కోలారు బంగారు గనులకు చిత్తూరు, ఉత్తరార్కాటు ప్రాంతములనుండి తెలుగువారు, తమిళులు కుటుంబములతో తరలిపోయిరి. మైళ్ళ లోతున పనిచేసిన తరములు గడచిన పిమ్మట 2001లో ఆ గనులు మూతపడినవి. అట్లు పోయినవారి ప్రేమలు, పెండ్లిండ్లు, మరణములు వ్రాసిపెట్టినవారు తక్కువ. మీ యూరినుండి గనులకు పోయినవారి పేర్లు మీకు జ్ఞాపకమున్నచో, ఈ రాత్రి మీ మనుమలను కూర్చుండబెట్టి చెప్పుడు, వారు వ్రాసికొందురు.

సెలవు.